మూసి అతికిన హ్యాండ్ మైకులను విప్పవచ్చా?

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో వాకీటాకీ మైకుల గురించి, కార్డ్‌లెస్ మైకుల గురించి రాసినవే ఎక్కువ. రాసినవారి ఊళ్లూ వృత్తులూ వేరైనా అందరినీ వేధిస్తున్నది ఒకటే సమస్య: స్క్రూ కనబడని డొప్పను విప్పడం ఎలాగన్నది. అందుచేత ఈసారి శీర్షికను ఆ ఉత్తరాలకే కేటాయించాము. ఉత్తరాలను స్థలాభావం వల్ల కుదించాము.

ప్రశ్న: నేను సిమెంటు ఫ్యాక్టరీలో సెక్యూరిటీ విభాగంలో పనిచేస్తున్నాను. వాకీటాకీకి తగిలించి భుజం మీద పెట్టుకునే స్పీకర్ మైకులు ఏడాది తిరగకముందే మూగబోతున్నాయి. కొన్నింటిలో బటన్ నొక్కితే రేడియో మీద ఎర్ర లైటు వెలుగుతుంది గాని మాట అవతలికి వినపడదు. కొన్నింటిలో లైటే వెలగదు. వెనక ఒక్క స్క్రూ కూడా కనిపించదు. బాగుచేసేవారు "ఇవి విప్పేవి కావు, కొత్తవి కొనుక్కోండి" అంటున్నారు. నిజంగానే విప్పలేమా?
— ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: విప్పవచ్చు. కాని విప్పవలసిన అవసరం ఉన్నదా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ రకం మైకులలో తరచుగా వచ్చే లోపాలు డొప్ప లోపల కాక డొప్ప వెలుపలే ఉంటాయి. మీరు రాసిన రెండు లక్షణాలు ఆ పరీక్షకు మంచి ఆధారం. ఎర్ర లైటు వెలుగుతున్నదంటే రేడియో ప్రసారం మొదలుపెట్టిందని అర్థం. అంటే బటనూ దాని తీగా సరిగానే ఉన్నాయి, లోపం మైకు బిళ్లలోనో (మాటను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న భాగం), దానికి వెళ్లే తీగలోనో, మాట లోపలికి పోయే రంధ్రంలోనో ఉన్నది. లైటే వెలగకపోతే బటన్‌నో, తీగనో, రేడియోకు గుచ్చే ప్లగ్గునో అనుమానించాలి.

మొదట బాగున్న మైకును అదే రేడియోకు, చెడిన మైకును మరొక రేడియోకు తగిలించి చూడండి. మైకు చెడిందని పక్కన పడేసిన తరువాత లోపం రేడియో సాకెట్టులో ఉన్నదని బయటపడే సందర్భాలు తక్కువేమీ కావు. తరువాత ప్లగ్గును చూడండి. రెండు పిన్నుల ప్లగ్గు చివరిదాకా గుచ్చుకోకపోతే స్పీకరు పలుకుతుంది గాని మైకు పలకదు, లేదా అందుకు తారుమారుగా జరుగుతుంది. సాకెట్టు అడుగున పేరుకున్న సిమెంటు ధూళి ఒక్కటే చాలు ప్లగ్గు పూర్తిగా దిగకుండా ఆపడానికి. ఎండిన మెత్తని బ్రష్షుతో ధూళిని దులిపి, ఆ తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడవాలి. ఈ వరుస మారకూడదు. సిమెంటును ముందుగా నీటితో తడిపితే అది గట్టిపడి, ఉన్నదానికన్నా పెద్ద పని తెచ్చిపెడుతుంది.

మూడవది చుట్టల తీగ. మైకును రేడియోకు కలిపి, ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతుండగా, మరొకరు దూరాన ఇంకొక రేడియోలో వింటుండగా, తీగను మైకులోకి దిగే చోటా ప్లగ్గులోకి దిగే చోటా మెల్లగా అటూ ఇటూ వంచండి. మాట వచ్చి పోతుంటే, లైటు వెలిగి ఆరుతుంటే, తీగ లోపల తెగి పైతొడుగు మాత్రం నిలిచి ఉన్నదన్నమాట. తీగ తెగేది దాదాపు ఎప్పుడూ ఆ రెండు చోట్లనే, మధ్యలో కాదు. ప్లగ్గు వైపు తెగితే మైకు డొప్పను ముట్టుకోనక్కరలేదు. తెగిన మేరకు కత్తిరించి కొత్త ప్లగ్గు వేసుకోవచ్చు. అయితే కొన్ని తీగలలో మామూలు రాగి పోగులకు బదులు నూలు దారం చుట్టూ పల్చని రాగి రేకు చుట్టి ఉంటుంది. దానికి సోల్డరు సులభంగా పట్టదు, వేడికి దారం కాలిపోతుంది. అలాంటి తీగ కనిపిస్తే అతుకు పెట్టే ప్రయత్నం మానుకుని, కొత్త తీగనే వేయడం మేలు.

ఇక రంధ్రం. స్పీకరు జాలీలో ఎక్కడ మాట్లాడినా పరవాలేదని చాలామంది అనుకుంటారు. మైకు రంధ్రం వేరుగా, గుండుసూది తల కన్నా కాస్త పెద్దదిగా, జాలీకి పక్కనో పైననో ఉంటుంది. అది ధూళితో పూడిపోతే మాట గొంతు నొక్కినట్టు వస్తుంది. దానిలో పిన్నీసు గుచ్చడం మన ప్రాంతంలో అందరికీ తెలిసిన వైద్యం, మైకును శాశ్వతంగా చంపేదీ అదే. రంధ్రం వెనుకనే, వెంట్రుకవాసి దూరంలో, పల్చని పొర ఉంటుంది. ఫ్యాక్టరీ కంప్రెసర్ గాలి కొట్టడం కూడా మంచిది కాదు. ఆ ఒత్తిడికి పొర చిరుగుతుంది, పైగా కంప్రెసర్ గాలితో పాటు నూనె తుంపరలూ తేమా వస్తాయి. రంధ్రాన్ని కిందికి తిప్పి పట్టుకుని, పళ్లు తోముకునే కొత్త మెత్తని బ్రష్షుతో దులపండి.

ఇవన్నీ చూసిన తరువాత కూడా లోపం దొరకకపోతే అప్పుడు డొప్ప సంగతి. స్క్రూ కనిపించకపోతే స్క్రూ లేదని కాదు. ముందు వెనకనున్న క్లిప్పును ఊడదీయండి, చాలావాటిలో స్క్రూలు దాని కిందే దాక్కుంటాయి. తరువాత కంపెనీ లేబులు మీద బొటనవేలి గోటితో నొక్కుతూ పోండి. ఎక్కడైనా గుంట తగిలితే కింద స్క్రూ ఉన్నట్టే. రబ్బరు బొడిపెలను, బటన్ మీది రబ్బరు తొడుగు అంచును కూడా ఎత్తి చూడాలి. ఆ స్క్రూల తల తరచుగా ఆరు కోణాల నక్షత్రంలా ఉంటుంది. మొబైలు ఫోన్లు బాగుచేసేవారి దగ్గర దొరికే టీ6, టీ8 బిట్లు దానికి సరిపోతాయి. మామూలు స్క్రూడ్రైవరును బలవంతంగా తిప్పి తల చెరిపితే తరువాత డ్రిల్లు పెట్టవలసి వస్తుంది.

స్క్రూ లేకుంటే రెండు డొప్పలను కొక్కేలతో బిగించి ఉండవచ్చు, జిగురుతో అతికి ఉండవచ్చు, లేదా అల్ట్రాసోనిక్ పద్ధతిలో, అంటే చెవికి వినిపించని శబ్దతరంగాల కంపనంతో, కరిగించి ఏకం చేసి ఉండవచ్చు. కొక్కేల డొప్పను గుర్తుపట్టడం తేలిక: అతుకు దగ్గర చేతితో నొక్కితే డొప్ప కొద్దిగా కదిలి కిర్రుమంటుంది. పాత ఏటీఎం కార్డు మూలను అతుకులోకి దూర్చి, ఒక్కొక్క కొక్కెం విడిపోయేదాకా జరుపుతూ రావాలి. లోహపు స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే అంచు నలిగి, తిరిగి మూసినప్పుడు సందు మిగులుతుంది. జిగురు అతుకైతే హెయిర్ డ్రయర్‌తో అతుకు వెంట వేడి చేసి, చేయి పెట్టలేనంత వేడెక్కగానే కార్డు దూర్చండి. డొప్పలకు వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది కాబట్టి మొబైలు దుకాణాలలోని హాట్ ఎయిర్ గన్‌ను 300 డిగ్రీలలో పెట్టి ఒకే చోట ఆపితే జిగురుకన్నా ముందు డొప్పే వంకర పోతుంది. పైగా లోపలి మైకు బిళ్లకు ఆ వేడి అసలు సరిపడదు.

బాగుచేసేవారు "విప్పేవి కావు" అన్నది బహుశా మూడవ రకం, కరిగించి అతికిన డొప్పల గురించి. ఇక్కడ రెండు ప్లాస్టిక్‌లు ఒకటైపోయి ఉంటాయి కనుక వేడి పనికిరాదు, కార్డు దూరదు. అయితే ఆ అతుకు డొప్ప గోడకన్నా పెళుసు. పాత చొక్కా గుడ్డలో చుట్టి, బెంచి వైస్‌లో అతుకు మీద అడ్డంగా ఒత్తిడి పడేటట్టు మెల్లగా బిగిస్తే అది చిటుక్కున విడిపోవడం కద్దు. విడిపోకపోతే పల్చని రంపపు బ్లేడుతో అతుకు గీత మీదనే, గోడ మందం దాటకుండా, చుట్టూ గాటు పెట్టాలి. గోడ సాధారణంగా రెండు మిల్లీమీటర్లకు మించదు. బ్లేడు మీద రెండు మిల్లీమీటర్ల దగ్గర టేపు అంటించుకుంటే లోతు దాటదు. తీగ దిగే చోటా, స్పీకరుకు ఎదురుగానూ మరింత జాగ్రత్త పడాలి. అక్కడ సన్నని తీగలు డొప్ప గోడకు ఆనుకునే ఉంటాయి.

లోపల సిమెంటు ధూళి వల్ల ముందుగా పాడయ్యేది మాట్లాడే బటన్. కొన్నింటిలో రబ్బరు బటన్ అడుగున నల్లని కార్బన్ బిళ్ల ఉండి, అది బోర్డు మీది రెండు రేకులను కలుపుతుంది. దానిని ఆల్కహాలుతో తుడవండి గాని గరుకు కాగితంతో రుద్దవద్దు. రుద్దితే మెరుగైనట్టు కనిపిస్తుంది, కార్బన్ పొర మాత్రం పోతుంది. మరికొన్నింటిలో టక్కుమని నొక్కుకునే చిన్న చదరపు స్విచ్చి ఉంటుంది. అరిగిపోతే ఊడదీసి కొత్తది వేయడమే పని. ఆ స్విచ్చిలు కొద్ది రూపాయలకే దొరుకుతాయి, కాని పొడవు పాతదానితో సరిగ్గా సరిపోవాలి. అర మిల్లీమీటరు పొడుగైతే డొప్ప మూయగానే బటన్ నొక్కినట్టే ఉండిపోయి, ఆ ఛానెల్‌లో మరెవ్వరూ మాట్లాడలేరు. సెక్యూరిటీ పనిలో ఇది మైకు మూగబోవడంకన్నా ప్రమాదం.

ఇంత శ్రమ ఎంతవరకు గిట్టుబాటు? నా అభిప్రాయంలో స్క్రూల, కొక్కేల డొప్పలను తప్పక విప్పి బాగుచేయాలి. కరిగించి అతికిన చవక రకాన్ని మాత్రం తీగ కోసమో స్విచ్చి కోసమో కోస్తూ కూర్చోవడం దండగ. ఒకదానిని కోసి లోపలి అమరిక నేర్చుకోండి, మిగిలినవాటి విడిభాగాలను దాచుకోండి, ఈసారి కొనేటప్పుడు స్క్రూలున్న రకాన్నే అడగండి. తయారీదారులు డొప్పను అతకడానికి ధూళినీ నీటినీ కారణంగా చెబుతారు. మంచి రకాలు స్క్రూలతో, రబ్బరు రింగుతోనే ఆ పని చేస్తున్నాయి. కరిగించి అతకడం వల్ల ముఖ్యంగా కలిసివచ్చేది వారి బిగింపు ఖర్చు.

ప్రశ్న: పెట్రోలు నిల్వ చేసే డిపోలో వాడే మైకు చెడింది. మా అబ్బాయి ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు, విప్పి చూస్తానంటున్నాడు. విప్పనివ్వవచ్చా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: వద్దు. అలాంటి చోట వాడే రేడియోకూ మైకుకూ మండే ఆవిరిలో నిప్పురవ్వ పుట్టించవన్న ధ్రువీకరణ ఉంటుంది. డొప్ప మీద షడ్భుజిలో "ఈఎక్స్" గుర్తును చూడండి. అధీకృతులు కానివారు విప్పితే, అంతా సరిగ్గా బిగించినా, ఆ ధ్రువీకరణ పోయినట్టే. మీ అబ్బాయి వేసే స్విచ్చి పాతదానికన్నా బాగా పనిచేయవచ్చు, అది ఇక్కడ లెక్కలోకి రాదు. డిపో వారి ద్వారా తయారీదారుకే పంపించండి. పనిలో పనిగా మరొక మాట: ముగ్గురాయి గనులలో, సున్నపురాయి గనులలో పనిచేసే పాఠకులు ఎలక్ట్రిక్ డిటోనేటర్లున్న చోట బాగుచేసిన మైకును పరీక్షించడానికి బటన్ నొక్కకూడదు. రేడియో తరంగాలకు ఆ డిటోనేటర్లు పేలే ప్రమాదం ఉన్నది.

ప్రశ్న: ఈ మధ్యనే హ్యామ్ రేడియో (అభిరుచి కోసం నడిపే రేడియో) లైసెన్సు వచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రిగ్గుకు (రేడియో సెట్టుకు) వచ్చిన హ్యాండ్ మైకులో నా మాట చాలా సన్నగా పోతున్నదట. పవరు పెంచితే గరగరమంటున్నదని మిత్రులు అంటున్నారు. బిళ్ల మారిస్తే సరిపోతుందా? ఏ బిళ్ల వేయాలి?
— ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: మీరు రాసినవి రెండు వేర్వేరు జబ్బులు. మాట సన్నగా పోవడం బిళ్లది కావచ్చు. పవరు పెంచినప్పుడే గరగర రావడం మాత్రం మీ సొంత ప్రసారం తిరిగి మైకులోకి దూరడం వల్ల జరుగుతుంది.

ముందు మీ మైకులో ఏ రకం బిళ్ల ఉన్నదో తెలుసుకోవాలి. పాత రిగ్గులకు డైనమిక్ మైకులు వచ్చేవి. వాటిలో చిన్న స్పీకరులో ఉన్నట్టే అయస్కాంతమూ తీగచుట్టా ఉంటాయి, కొన్ని వందల ఓముల ఇంపెడెన్సు ఉంటుంది, బయటి నుంచి కరెంటు అక్కరలేదు. మల్టీమీటరును ఓముల వైపు పెట్టి తాకిస్తే టిక్కుమన్న శబ్దం వినిపిస్తుంది. ఇప్పటి మైకులలో ఉండేది ఎలక్ట్రెట్ బిళ్ల, మన దుకాణాలలో "కండెన్సర్ మైక్" అని అడిగితే ఇచ్చేది. దీనిని 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ రూపొందించారు. టెఫ్లాన్ వంటి పల్చని పొరలో విద్యుదావేశాన్ని శాశ్వతంగా నిలిపి ఉంచడం అందులోని కిటుకు; పొర కదిలినప్పుడు పుట్టే అతి సన్నని సంకేతాన్ని బిళ్లలోనే ఉన్న చిన్న ట్రాన్సిస్టరు బయటికి అందిస్తుంది. ఆ ట్రాన్సిస్టరుకు కరెంటు కావాలి. అది రిగ్గు నుంచి సుమారు రెండు వేల ఓముల నిరోధకం గుండా, మాట వచ్చే తీగలోనే వస్తుంది.

అందుచేత డైనమిక్ ఉన్న చోట ఎలక్ట్రెట్ వేస్తే కరెంటు అందక మూగదవుతుంది. ఎలక్ట్రెట్ ఉన్న చోట డైనమిక్ వేస్తే దాని చుట్టలోకి అక్కరలేని కరెంటు పారుతుంది. ఏది ఉంటే అదే వేయాలి.

ఎలక్ట్రెట్ అయితే, రిగ్గును ఆన్ చేసి బిళ్ల రెండు కాళ్ల మధ్య వోల్టేజీ చూడండి. అసలు లేకపోతే తీగ తెగింది. రిగ్గు ఇచ్చే మొత్తం వోల్టేజీ ఏమాత్రం తగ్గకుండా అక్కడ కనిపిస్తే బిళ్ల కరెంటు తీసుకోవడం లేదు, అంటే అది చచ్చింది. ఈ రెంటికీ నడుమ, ఒకటి నుంచి నాలుగైదు వోల్టుల వరకు ఉంటే విద్యుత్ మార్గం బాగున్నట్టే. అయినా మాట సన్నగా ఉంటే, రంధ్రం పూడలేదని నిర్ధారించుకున్నాక, పొరలోని ఆవేశం తగ్గిపోయిందని భావించవచ్చు. వేడి, తేమ దానిని క్రమంగా హరిస్తాయి. వేసవిలో ఏళ్ల తరబడి కారు డ్యాష్‌బోర్డు మీద పడి ఉన్న మైకుకు అనంతపురంలో ఆ గతి పట్టడంలో వింత లేదు. తగ్గిన ఆవేశాన్ని ఇంట్లో తిరిగి నింపలేము, బిళ్ల మార్చవలసిందే.

బిళ్లను విడిగా పరీక్షించడానికి ముల్లు కదిలే పాత రకం మల్టీమీటరు శ్రేష్ఠం. దానిని కిలో ఓముల వైపు తిప్పి, ఎర్ర తీగను బిళ్ల డొప్పకు కలిసి ఉన్న కాలికీ, నల్ల తీగను రెండవ కాలికీ పెట్టి, బిళ్ల మీద ఊదండి. బాగున్న బిళ్లకు ముల్లు ఊగుతుంది. ఆ మీటర్లలో ఓములు కొలిచేటప్పుడు లోపలి బ్యాటరీ ధన ధ్రువం నల్ల తీగలోకి వస్తుంది, అందుకే ఈ తారుమారు. సోల్డరు చేసేటప్పుడు ఒక్కొక్క కాలి మీద ఐరన్‌ను రెండు మూడు సెకన్లకు మించి ఉంచకండి, మధ్యలో బిళ్లను చల్లారనివ్వండి. కొత్త బిళ్లను కూడా సోల్డరింగులోనే చంపేసి, దుకాణదారును తిట్టుకునేవారున్నారు.

గరగరకు మందు చవక. బిళ్ల రెండు కాళ్లకూ అడ్డంగా, కాళ్లకు వీలైనంత దగ్గరగా, 100 పికోఫరాడ్ సిరామిక్ కెపాసిటరు వేయండి. దాని మీద 101 అని అచ్చు వేసి ఉంటుంది. రెండు మీటర్ల తరంగదైర్ఘ్యపు హ్యామ్ బ్యాండుకు అది చాలు. తీగ పైజాలీని, అంటే లోపలి పోగుల చుట్టూ ఉండే లోహపు అల్లికను, రెండు చివరలా సరిగా కలిపారో లేదో కూడా చూడండి. మునుపటి యజమాని తీగ మార్చి ఉంటే దానిని వదిలేసి ఉండే అవకాశం ఎక్కువ.

ప్లగ్గు విషయంలో ఒక హెచ్చరిక. కంప్యూటరు నెట్‌వర్కు తీగకు ఉండే ఎనిమిది పిన్నుల ప్లగ్గు వంటిదే మీ మైకుకు ఉన్నదనుకుంటాను. ప్లగ్గు ఒకటే అయినా ఏ పిన్నులో ఏది ఉన్నదన్నది కంపెనీని బట్టి మారుతుంది. కొన్ని రిగ్గులలో ఒక పిన్నుకు సుమారు 8 వోల్టులు వస్తాయి. మరొక కంపెనీ మైకును పట్టింది కదా అని గుచ్చితే ఆ వోల్టేజీ ఉండకూడని చోటికి పోతుంది. మీ రిగ్గు మాన్యువల్‌లోని పటం చూసి, ప్రతి పిన్నునూ మీటరుతో సరిచూసుకున్న తరువాతనే కలపండి. పరీక్షలన్నీ యాంటెనాకు బదులు తగిలించే 50 ఓముల డమ్మీ లోడు మీద, తక్కువ పవరులో చేయండి.

ప్రశ్న: మాది సౌండ్ సర్వీసు. పెళ్లిళ్లకు, సభలకు కార్డ్‌లెస్ మైకులు ఇస్తాము. కొంతకాలంగా రెండు సెట్లు కార్యక్రమం నడుమ గురగురమని ఆగిపోతున్నాయి. మైకును విప్పుదామంటే అడుగు భాగం తిరగడం లేదు. ఏమిటి దారి?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ సెట్లు ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తున్నాయో రిసీవరు వెనకనున్న లేబులు మీద చూడండి. అది 703 నుంచి 748 మెగాహెర్ట్జ్ మధ్యనో, 758 నుంచి 803 మధ్యనో ఉంటే మైకును విప్పి లాభం లేదు. ఆ బ్యాండును మొబైలు సేవలకు కేటాయించి 2022 జులై–ఆగస్టు వేలంలో అమ్మారు. 5జీ టవరు దగ్గర ఉన్న కల్యాణమండపంలో గురగురమని, ఊరి బయట తోటలో చక్కగా పలికే సెట్టుకు జబ్బు లోపల లేదు. సెట్టులో ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలుంటే ఆ పరిధి దాటించండి. వీలు లేకపోతే దానికి మరమ్మతు ఖర్చు పెట్టవద్దు.

అన్ని చోట్లా అదే తంతు అయితే మైకును చూడవలసిందే. అడుగు భాగం తిరగకపోవడానికి బ్యాటరీ కారడం సాధారణ కారణం. ఆల్కలైన్ సెల్లు కారితే క్షారం వచ్చి తెల్లని పొడిగా పేరుకుంటుంది. దూదిని వెనిగారులోనో నిమ్మరసంలోనో కొద్దిగా ముంచి తుడిస్తే అది విరుగుతుంది, ఆ వెంటనే ఆల్కహాలుతో తుడిచి ఆరబెట్టాలి. చవక రకం జింకు సెల్లు కారినది ఆమ్లం కనుక దానికి నిమ్మరసం పనికిరాదు, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. బిగుసుకున్న మూతను పట్టకారుతో తిప్పకండి. రబ్బరు చేతితొడుగు వేసుకుని, తిప్పే ముందు హెయిర్ డ్రయర్‌తో కొంచెం వేడి చేయండి. చాలా రకాలలో యాంటెనా ఆ అడుగు మూతలోనే ఉంటుంది. పట్టకారు దెబ్బకు మూత పగిలితే యాంటెనా తెగి, నాలుగు గజాలు నడిస్తే మాట పోతుంది. వేదిక మీద మైకు అడుగును అరచేతితో మూసి పట్టుకునే వక్తలకూ గాయకులకూ ఇదే కారణంగా మాట తెగుతుంది. అడుగున రంగు రంగుల లోహపు టేపు చుట్టే అలవాటు మీకుంటే మానుకోండి.

ప్రశ్న: కె.సి. (కర్నూలు–కడప) కాలువ పనులలో వాడే మైకు నీటిలో పడింది. ఐపీ67 అని దాని మీద రాసి ఉంది. తీసిన వెంటనే పనిచేసింది, మరునాటికి మూగబోయింది. నీటికి పాడుకాదని రాసి ఎలా అమ్ముతారు? ఇప్పుడేం చేయాలి?
— ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: ఐపీ67లో 6 అంకె ధూళి చొరబడదని, 7 అంకె మీటరు లోతు మంచినీటిలో అరగంట ఉన్నా పనికి భంగం కలిగేంత నీరు లోపలికి పోదని చెబుతాయి. ఆ పరీక్ష జరిగేది కొత్త మైకు మీద. ఎండలో కాగి ఉన్న మైకు చల్లని కాలువ నీటిలో పడితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, రబ్బరు రింగులో ఏ చిన్న లోపమున్నా అక్కడి నుంచి నీటిని పీల్చుకుంటుంది. వాడి వాడి రింగు గట్టిపడిన మైకు ఈ దెబ్బకు ఆగదు.

ముందు మైకును రేడియో నుంచి వేరు చేయండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. బిళ్లకు వచ్చే కొద్దిపాటి వోల్టేజీ తడిసిన రాగిని కొరికి ఆకుపచ్చని చిలుము పట్టిస్తుంది. మరునాడు మూగబోవడానికి బహుశా అదే కారణం. విప్పిన తరువాత కాలువ నీటి బురదను మంచినీటితో కడిగి, ఆల్కహాలుతో తుడిచి, నీడలో గాలి తగిలేచోట ఆరబెట్టండి. బియ్యపు డబ్బాలో పెట్టడం వల్ల లాభం లేదు, బియ్యపు పొడి కొత్తగా చేరుతుంది.

లోపల మైకు రంధ్రానికీ స్పీకరుకూ ఎదురుగా తెల్లని స్టిక్కరు వంటి పొర కనిపిస్తుంది. గాలిని పోనిచ్చి నీటిని ఆపేది అదే. మురికి గుడ్డ అనుకుని పీకేసేవారు, చిరిగితే సెల్లోటేపు అంటించేవారు ఉన్నారు. పీకేస్తే నీరు వస్తుంది, టేపు వేస్తే మాట లోపలికి వెళ్లదు. దానిని తుడవకండి, ఊదకండి. చిరిగి ఉంటే అదే కొలత కొత్త పొర తెప్పించి వేయండి. రబ్బరు రింగు మీద వెంట్రుక గాని ఇసుక రేణువు గాని లేకుండా చూసి, అది నల్లని నైట్రైల్ రబ్బరుదైతే సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. రింగు సిలికాన్ రబ్బరుతో చేసినదైతే ఆ గ్రీజు దానిని ఉబ్బిస్తుంది, పొడిగానే వేయాలి.

మీది స్క్రూల డొప్ప అయితే ఒక పరీక్ష కూడా చేసుకోవచ్చు. లోపలి బోర్డును బయటపెట్టి, తీగ దిగే రంధ్రాన్ని దాని రబ్బరుతో సహా యథాస్థానంలో బిగించి, ఖాళీ డొప్పలో టిష్యూ కాగితం ముక్క పెట్టి మూసి, బకెట్టు నీటిలో జానెడు లోతున కొద్దిసేపు ఉంచండి. కాగితం పొడిగా ఉంటే బోర్డును తిరిగి పెట్టండి. అయినా ఇకపై దానిని వానకు తట్టుకునేదిగా చూడండి గాని నీటిలో ముంచగలిగేదిగా కాదు.

ప్రశ్న: కోసి విప్పిన డొప్పను తిరిగి ఏ జిగురుతో అతకాలి? ఫెవిక్విక్ వాడాను, డొప్ప మీద తెల్లని పొగ పట్టినట్టయింది, బటన్ కూడా సరిగా పనిచేయడం లేదు.
— ఒక పాఠకుడు, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: ఆ తరహా జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరే తెల్లగా పేరుకున్నది. మూసిన డొప్పలో అది బటన్ రేకుల మీద, మైకు పొర మీద కూడా పేరుకుంటుంది, కనుక లోపలి పనికి దానిని వాడకూడదు. బటన్ రేకులను ఆల్కహాలుతో తుడిచి చూడండి, బాగుపడవచ్చు. వెనిగారు వాసన వచ్చే సిలికాన్ సీలెంటునూ దూరం పెట్టండి. ఆరేటప్పుడు వెలువడే ఎసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్న సిలికాన్ తీసుకుంటే ఆ బాధ లేదు, మళ్లీ కోసి విప్పుకోవడమూ తేలిక.

డొప్ప లోపలి వైపు సాధారణంగా ప్లాస్టిక్ పేరు అచ్చు పోసి ఉంటుంది. ఏబీఎస్ అని మాత్రమే ఉంటే, అదే ప్లాస్టిక్ తునకలను ఎసిటోన్‌లో కరిగించిన చిక్కని ముద్దతో అతికితే అసలు డొప్పంత గట్టిగా నిలుస్తుంది. పీసీ అన్న అక్షరాలు ఉంటే, అంటే పాలీకార్బొనేట్ అయితే, ఎసిటోన్ తగలగానే సన్నని పగుళ్లు పుడతాయి కాబట్టి రెండు గొట్టాల ఎపాక్సీ వాడండి. రంపపు గాటు వల్ల పోయిన మందాన్ని కూడా ఎపాక్సీ నింపుతుంది. అంచులను గరుకు కాగితంతో రుద్ది, ఆల్కహాలుతో తుడిచి, జిగురు లోపలికి కారకుండా బయటి అంచుకే రాసి, రబ్బరు బ్యాండ్లు చుట్టి ఒక రోజంతా కదలకుండా ఉంచండి. అతికే ముందు డొప్పలను టేపుతో తాత్కాలికంగా మూసి బటన్, మైకు, స్పీకరు మూడూ పనిచేస్తున్నాయో లేదో రేడియోకు తగిలించి చూసుకోండి.